కవాట మార్పిడికి ముందు ఆపిన మూలికలు, తర్వాత ఇచ్చిన మొక్క మందు: ఒక కేసు నివేదిక

కీళ్ల నొప్పులకు మూలికా మందులు వాడుతున్న వ్యక్తికి గుండె ఆపరేషన్ అవసరమైనప్పుడు, ఆ మందులను ఏం చేయాలన్న ప్రశ్నకు రెండు సమాధానాలు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. 'అన్నీ ఆపేయండి' అనేది ఒకటి. 'మూలికలే కదా, ఏమీ కాదు' అనేది రెండోది. ఆయుర్వేదంలో శిక్షణ పొంది, కొన్నేళ్లుగా గుండె శస్త్రచికిత్స బృందంతో కలిసి పనిచేస్తున్న నాకు ఈ రెండూ సగం సమాధానాలుగానే కనిపిస్తాయి. మొదటి సలహాను అక్షరాలా పాటిస్తే ఏం జరగవచ్చో, రెండో ధోరణి ఎక్కడ ప్రాణం మీదికి తెచ్చేదో ఒకే రోగిలో కనిపించాయి కనుక ఈ కేసును నమోదు చేస్తున్నాను. రాయడానికి రోగి అనుమతి తీసుకున్నాను. వ్యక్తిని గుర్తుపట్టడానికి వీలున్న వివరాలన్నీ తీసేశాను.

నేపథ్యం

రోగి యాభైల చివర్లో ఉన్న మహిళ. చిన్నతనంలో వచ్చిన రుమాటిక్ జ్వరం వల్ల గుండె ఎడమ గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం దెబ్బతిని, ద్వారం సన్నబడటమూ రక్తం వెనక్కి లీకవడమూ రెండూ ఉన్నాయి. గుండె లయ తప్పి చాలాకాలంగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లోనే ఉంది. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, గుండె వేగాన్ని అదుపులో ఉంచడానికి డిజాక్సిన్, మెటోప్రొలాల్, ఒంట్లో నీరు తీయడానికి ఫ్యూరోసమైడ్ వాడుతున్నారు. బరువు 58 కిలోలు, మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్ 1.2. ఇవి కాక, రెండు మోకాళ్లలోనూ కీళ్ల అరుగుదల ఉంది.

వార్ఫరిన్ వాడుతున్నందున, మూత్రపిండాల పనితీరు కొంత తగ్గినందున మామూలు నొప్పి మాత్రలు వాడకూడదని ఆమెకు గతంలోనే గట్టిగా చెప్పారు. ఆ సలహా సరైనదే. అయితే నొప్పి మిగిలింది, దానికి ఆమె తానే దారి వెతుక్కున్నారు. ఏడాదికి పైగా రోజుకు రెండు పూటలా ఒక మూలికా బిళ్ల వేసుకుంటున్నారు. సీసా మీది వివరాల ప్రకారం ఒక్కో బిళ్లలో పసుపు సారం 500 మి.గ్రా., శల్లకి సారం, శుద్ధి చేసిన గుగ్గులు, శొంఠి, వాటితోపాటు మిరియాల సారం 5 మి.గ్రా. ఉన్నాయి. నొప్పి నిజంగానే తగ్గిందని, మెట్లు ఎక్కగలుగుతున్నానని ఆమె చెప్పారు. దాన్ని అనుమానించడానికి నాకు కారణమేమీ కనిపించలేదు.

కవాట మార్పిడికి తేదీ సుమారు మూడు వారాల దూరంలో ఖరారయ్యాక ఆమెను నా దగ్గరికి పంపారు.

ఎదురైన సమస్య

కుటుంబం అడిగిన ప్రశ్న ఒకటి, ఆమె పాత కాగితాల్లో కనిపించిన ప్రశ్న మరొకటి.

వారి అబ్బాయి ఒక పరిశోధన సారాంశాన్ని ముద్రించి తెచ్చారు. "డాక్టర్ గారూ, ఆపరేషన్ వల్ల ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) పెరుగుతుందని చదివాను. అమ్మ వాడుతున్నది దాన్ని తగ్గించే మందే. ఆపడం ఎందుకు, మోతాదు పెంచి ఇద్దాం కదా?" అన్నారు. తర్కం చూస్తే తప్పు పట్టడానికి లేదు. ఆయన తెచ్చిన అధ్యయనం కూడా నిజమైనదే.

పాత కాగితాల్లోని ప్రశ్నను ఎవరూ అడగలేదు. వార్ఫరిన్ పుస్తకంలో మోతాదుల వరుస చూస్తే, ఏడాదిన్నర క్రితం వరకు రోజుకు 6 మి.గ్రా. మీద ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చూపే కొలత) నిలకడగా 2.5 దగ్గర ఉంది. ఆ తర్వాత 5కు, మరికొన్ని నెలలకు 4కు తగ్గించారు. రెండు చోట్లా పక్కన రాసిన కారణం ఒకటే: 'ఐఎన్ఆర్ ఎక్కువ'. ఎందుకు ఎక్కువైందో రాయలేదు. బిళ్లలు మొదలుపెట్టిన నెల ఏదో ఆమెను గుర్తు తెచ్చుకోమంటే, మొదటి తగ్గింపుకు కాస్త ముందే అని తేలింది. మొదటిసారి చూసిన రోజు 4 మి.గ్రా. మీద ఐఎన్ఆర్ 2.9.

అంటే ఆమె రక్తం పలచబడటంలో కొంత భాగం వార్ఫరిన్ వల్ల, కొంత భాగం బిళ్లల వల్ల అని భావించడం సబబు. పసుపు ఉన్న మందు మొదలుపెట్టిన కొన్ని వారాల్లోనే, అప్పటిదాకా నిలకడగా ఉన్న రోగి ఐఎన్ఆర్ 10 దాటిందని న్యూజిలాండ్ ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరిక ఇచ్చింది. శల్లకితోనూ ఇలాంటి నివేదికలు ఉన్నాయి. గుగ్గులు మాత్రం కాలేయంలో మందులను విరిచే ఎంజైములను పెంచే వైపు పనిచేస్తుంది కనుక దాని ప్రభావం ఎదురు దిశలో ఉండవచ్చు. ప్రొప్రనొలాల్, డిల్టియాజెమ్ రక్తంలోకి చేరే మోతాదును అది తగ్గించిందని చాలాకాలం క్రితమే చూపించారు. ఐదు ద్రవ్యాలున్న బిళ్లలో ఏది ఎంత పని చేస్తోందో విడదీసి చెప్పే మార్గం రోగి పక్కన కూర్చున్న వైద్యుడికి ఉండదు. మిశ్రమ మందుల పట్ల నా ప్రధాన అభ్యంతరం ఇదే. అవి పనిచేయవని కాదు, పనిచేసినప్పుడు ఏది చేసిందో తెలియదని.

కొనసాగించాలా, ఆపాలా

అబ్బాయి ప్రశ్నకు సమాధానం చెప్పాలంటే ముందు, ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే బైపాస్ యంత్రం దగ్గరికి వెళ్లాలి. రక్తం ఆ యంత్రపు గొట్టాల గుండా, ఆక్సిజనేటర్ గుండా ప్రవహించేటప్పుడు రోగనిరోధక శక్తిలో భాగమైన కాంప్లిమెంట్ వ్యవస్థ మేల్కొంటుంది, తెల్ల కణాలు ఉద్రేకిస్తాయి. ఆపి ఉంచిన గుండెకు తిరిగి రక్తం అందినప్పుడు రెండో విడత దెబ్బ తగులుతుంది. రక్తంలో వాపును చూపే సూచికల్లో ఇంటర్‌ల్యూకిన్-6 గంటల్లోనే పెరుగుతుంది; సీఆర్పీ రెండో, మూడో రోజుకు శిఖరానికి చేరి తర్వాత దిగుతుంది. ఈ స్పందన మితిమీరితే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతింటాయి. కనుక దాన్ని ముందే అణచాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు.

ఆ ఆలోచనకు అతి పెద్ద పరీక్ష మూలికలతో కాదు, స్టెరాయిడ్లతో జరిగింది. 2012లో డెక్సామెథసోన్‌తో 4,494 మందిలో, 2015లో మిథైల్‌ప్రెడ్నిసొలోన్‌తో 7,507 మందిలో చేసిన రెండు పెద్ద అధ్యయనాల్లోనూ మరణాలూ పెద్ద సమస్యలూ కలిపి చూస్తే చెప్పుకోదగ్గ తగ్గుదల కనిపించలేదు. రెండోదానిలో గుండె కండరానికి తొలి రోజుల్లో జరిగే నష్టం కాస్త ఎక్కువగానే నమోదైంది. మనకు తెలిసిన మందుల్లో అత్యంత బలంగా వాపును అణిచేవే ఇక్కడ ఆశించిన ఫలితం ఇవ్వలేదన్నప్పుడు, 'వాపు తగ్గితే మేలు జరుగుతుంది' అన్న సూత్రాన్ని ఆధారం అడగకుండా ఒప్పుకోవడం కష్టం. ఆపరేషన్ తర్వాతి వాపులో కొంత భాగం గాయం మానే క్రమమే.

ఇక పసుపు. అబ్బాయి తెచ్చిన అధ్యయనం 2012లో థాయ్‌లాండ్ నుంచి వచ్చింది. కరొనరీ బైపాస్ చేయించుకున్న 121 మందిలో కొందరికి రోజుకు 4 గ్రాముల కర్క్యుమినాయిడ్లను (పసుపులో పనిచేసే పదార్థాలను) ఆపరేషన్‌కు మూడు రోజుల ముందు నుంచి ఐదు రోజుల తర్వాతి వరకు ఇచ్చారు. ఆసుపత్రిలో ఉండగా గుండెపోటు వచ్చినవారు ఆ వర్గంలో 13.1 శాతం, ఉత్తుత్తి మందు తీసుకున్న వర్గంలో 30 శాతం. ఆశ పుట్టించే ఫలితమే. కానీ చిన్న అధ్యయనం, పైగా అందులో ఉన్నది గుండె రక్తనాళాల రోగులు, వార్ఫరిన్ మీద ఉన్న కవాట రోగులు కారు. ఆ తర్వాత 2018లో కెనడా నుంచి ఉదర మహాధమని ఆపరేషన్ చేయించుకున్న 606 మందిలో ఇలాంటి ప్రయత్నమే వెలువడింది. వాపు సూచికల్లో గానీ ఇతర కొలతల్లో గానీ మేలు కనిపించలేదు. మూత్రపిండాలకు హఠాత్తుగా దెబ్బ తగిలినవారు మాత్రం పసుపు సారం తీసుకున్నవారిలో 17 శాతం, తీసుకోనివారిలో 10 శాతం. అది బైపాస్ యంత్రం వాడే ఆపరేషన్ కాదు, నిజమే. అయినా క్రియాటినిన్ 1.2 ఉన్న మా రోగి విషయంలో రెండు అధ్యయనాల్లో దేనికి ఎక్కువ బరువు ఇవ్వాలన్న దానిపై నాకు సందేహం లేకపోయింది.

వంటలో పడే పసుపును మానాలా అని ఆమె అడిగారు. అక్కర్లేదన్నాను. పసుపు పొడిలో కర్క్యుమిన్ సుమారు మూడు శాతమే. చిటికెడు పొడికీ, మిరియాల సారంతో కలిపిన అర గ్రాము సారానికీ పోలిక లేదు. మిరియాల్లోని పిపెరిన్ కర్క్యుమిన్ రక్తంలోకి చేరే మోతాదును అనేక రెట్లు పెంచుతుందని 1998లోనే తేలింది. అదే పిపెరిన్ ఇతర మందులను విరిచే సీవైపీ3ఏ4 ఎంజైమునూ, మందులను బయటికి నెట్టే పీ-గ్లైకోప్రోటీన్‌నూ అడ్డుకుంటుంది. ఆమె వాడుతున్న డిజాక్సిన్ ఈ రెండో దారి మీదే ఆధారపడుతుంది. ఈ వివరం తర్వాత ఇంకో సందర్భంలో మాకు మరింత ముఖ్యమైంది.

కనుక బిళ్లలు ఆపాలని నిర్ణయించాం. ఎంత ముందు? ఒక్కో మూలికకు ఒక్కో గడువు చెప్పేవారున్నారు. వెల్లుల్లి సారానికి ఏడు రోజులు, జింకోకు 36 గంటలు అని 2001లో వచ్చిన ఒక ప్రసిద్ధ సమీక్ష సూచించింది. ద్రవ్యాల పాళ్లు కచ్చితంగా తెలియని మిశ్రమానికి ఆ లెక్కలు పనికిరావు. అందుకే మత్తు వైద్యులు సాధారణంగా చెప్పే రెండు వారాల గడువునే తీసుకున్నాం.

ఇక్కడ సర్జన్‌తో నాకు చిన్న అభిప్రాయభేదం వచ్చింది. ఆపరేషన్‌కు ఐదు రోజుల ముందు వార్ఫరిన్ ఎలాగూ ఆపి, ఇంజెక్షన్‌గా ఇచ్చే హెపారిన్‌కు మారుస్తారు కనుక మధ్యలో ఐఎన్ఆర్ చూడనవసరం లేదని ఆయన అభిప్రాయం. బిళ్లలు ఆపడమంటే వార్ఫరిన్ మోతాదు తగ్గించడంతో సమానమని, సన్నబడిన కవాటం వెనక, కదలికలేని ఏట్రియంలో (గుండె పై గదిలో) గడ్డ ఏర్పడటానికి రెండు వారాలు చిన్న వ్యవధి కాదని నేను వాదించాను. వారం తర్వాత చూస్తే ఐఎన్ఆర్ 1.6. మోతాదును 5 మి.గ్రా.కు పెంచాం.

ప్రయత్నించినవి, విఫలమైనవి

బిళ్లల స్థానంలో పారాసెటమాల్ ఇచ్చాం, మోకాళ్లకు పైపూత రాసుకోమన్నాం. కాగితం మీద ఇది చక్కని ఏర్పాటు. ఆమెకు మాత్రం నొప్పి నాలుగైదు రోజుల్లోనే పాత స్థాయికి తిరిగి వచ్చింది, రాత్రి నిద్ర పోయింది. ఏడాది పాటు పనిచేసిన మందును తీసేసి, అంతకంటే బలహీనమైనదాన్ని ఇచ్చినప్పుడు మిగిలే ఖాళీ ఖాళీగా ఉండదు. ఏదో ఒకటి వచ్చి చేరుతుంది.

ఈలోగా ఆమెకు ఆయాసం ఎక్కువైంది. బరువు రెండు కిలోలు పెరిగింది, కాళ్లు వాచాయి. కవాటం ఇంకా చెడిందని భావించి డ్యూటీ వైద్యులు ఫ్యూరోసమైడ్‌ను రెట్టింపు చేశారు. అందుబాటులో ఉన్న సమాచారంతో చూస్తే అది సమంజసమైన నిర్ణయమే. కానీ రెండు రోజులకు ఆమె దడతో, నీరసంతో వచ్చారు. పొటాషియం 2.9కి పడిపోయింది. ఈసీజీలో అదనపు స్పందనలు వరుసగా పడుతున్నాయి. డిజాక్సిన్ మీద ఉన్న రోగికి ఇది మామూలు విషయం కాదు. పొటాషియం తగ్గినప్పుడు, అంతకుముందు సరిపోయిన డిజాక్సిన్ మోతాదే విషమవుతుంది.

పెంచిన ఫ్యూరోసమైడ్ వల్లే ఇదంతా అని సరిపెట్టుకోవచ్చు. నన్ను ఆపింది రక్తపోటు. ఆమెకు ఎప్పుడూ 110 దాటనిది ఆ రోజు 150/90 ఉంది. కవాటం చెడి గుండె బలహీనపడుతున్న మనిషికి రక్తపోటు పెరగడం, నీరు నిలవడం, పొటాషియం పడిపోవడం మూడూ కలిసి వస్తే, ఉప్పునూ నీటినీ నిలిపే హార్మోన్ ఆల్డోస్టిరోన్ వైపు చూడాలి. ఆల్డోస్టిరోన్‌ను అనుకరించే మూలిక ఒకటి మా శాస్త్రంలో అందరికీ తెలిసినదే.

'ఏమైనా మందులు వాడుతున్నారా' అని అడిగితే ఆమె లేదన్నారు. 'మోకాళ్ల నొప్పికి రాత్రి ఏం చేస్తున్నారు' అని అడిగితే, దగ్గరి బంధువు ఇచ్చిన చూర్ణం కషాయం కాచుకుని తాగుతున్నానని చెప్పారు. మందని ఆమె అనుకోలేదు. ఆపమన్న కాగితంలో బిళ్ల పేరే ఉంది, చూర్ణం పేరు లేదు కనుక మాట తప్పాననీ అనుకోలేదు. సాయంత్రం కూతురు డబ్బా తెచ్చారు. లేత గోధుమరంగు పొడి, వేళ్ల మధ్య నలిపితే పసుపుపచ్చని సన్నటి నారలు తగిలాయి. చిటికెడు నాలుక మీద వేసుకుంటే మొదట మట్టి రుచి, వెంటనే చక్కెరను మించిన తీపి. నీళ్లు తాగాక కూడా ఆ తీపి గొంతులో చాలాసేపు పోలేదు. అందులో సింహభాగం అతిమధురం.

అతిమధురంలోని గ్లిసిరైజిన్ మూత్రపిండంలో కార్టిసాల్‌ను నిర్వీర్యం చేసే ఎంజైమును అడ్డుకుంటుంది. అప్పుడు కార్టిసాలే ఆల్డోస్టిరోన్ గ్రాహకం మీద పనిచేసి ఉప్పునూ నీటినీ నిలుపుతుంది, పొటాషియంను బయటికి పంపుతుంది. గొంతు నొప్పికి కొద్ది రోజులు కొద్దిగా వాడే మనిషికి దీనివల్ల ఏమీ కాకపోవచ్చు. ఫ్యూరోసమైడ్, డిజాక్సిన్, సన్నబడిన మైట్రల్ కవాటం మూడూ ఉన్న మనిషికి ఇంతకంటే తప్పు ఎంపికను ఊహించడం కష్టం.

చూర్ణం ఆపించాం. డిజాక్సిన్ నిలిపాం. పొటాషియం ఇస్తూ, అదే గ్రాహకాన్ని మూసే స్పైరనొలాక్టోన్ మొదలుపెట్టాం. ఫ్యూరోసమైడ్‌ను పాత మోతాదుకు తగ్గించాం. నీరు నిలిచిన కారణం తొలగుతోంది కనుక ఆయాసం పెరగదని అంచనా వేశాం, అలాగే జరిగింది. ఆపరేషన్‌ను రెండు వారాలు వాయిదా వేయాల్సి వచ్చింది. పొటాషియం సరిదిద్దడానికి రెండు మూడు రోజులు చాలు కదా అని కుటుంబం అడిగింది. అతిమధురం ప్రభావం ఆపిన వెంటనే పోదు, ఒకటి రెండు వారాలు సాగవచ్చు. బైపాస్ యంత్రం నుంచి గుండెను తిరిగి ఆడించే సమయంలో పొటాషియం జారిపోతూ ఉండటం మత్తు వైద్యులకు గానీ రోగికి గానీ మంచిది కాదు.

మోకాళ్ల విషయంలో ఈసారి పద్ధతి మార్చాం. పారాసెటమాల్‌ను నొప్పి వచ్చినప్పుడు కాకుండా వేళ ప్రకారం ఇచ్చాం. కడుపులోకి వెళ్లే మూలిక ఏదీ లేకుండా, గోరువెచ్చని తైలంతో మర్దన, మూట కాపడం, కూర్చుని చేసే తొడ కండరాల వ్యాయామం చేయించాం. దీనితో నొప్పి పోలేదు గానీ నిద్ర పట్టింది. ఆ రెండు వారాలు ఆమె మరేదీ వెతుక్కోకుండా ఉండటానికి అది చాలింది.

ఆపరేషన్, ఆ తర్వాత

ఆపరేషన్ సజావుగా జరిగింది. మెకానికల్ కవాటం అమర్చారు. సీఆర్పీ మూడో రోజుకు పెరిగి, అనుకున్నట్టే దిగింది. మూత్రపిండాలు నిలకడగా ఉన్నాయి. ఇందులో మూలికలు ఆపడం వల్ల కలిగిన మేలు ఇంత అని ఒక్క కేసు ఆధారంగా నేను చెప్పను.

వార్ఫరిన్ మోతాదు దగ్గర మాత్రం పాత పుస్తకం పనికొచ్చింది. చివరిగా రాసిన 4 మి.గ్రా. ఆమె అసలు అవసరం కాదు, బిళ్లల తోడుతో సరిపోయిన మోతాదు. మైట్రల్ స్థానంలో మెకానికల్ కవాటానికి ఐఎన్ఆర్ 3 దగ్గర ఉండాలి కనుక చివరికి 6కు పైనే పడుతుందని ముందే లెక్కవేశాం. అలాగని మొదటి రోజే 6 ఇవ్వలేదు. కవాట ఆపరేషన్ తర్వాతి తొలి వారాల్లో ఆహారం తక్కువ, రక్తంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ తక్కువ. వార్ఫరిన్ ప్రభావం మామూలు కంటే ఎక్కువగా కనిపిస్తుంది. 4తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ 5కు చేర్చి ఇంటికి పంపాం.

మూడో వారంలో జ్వరం వచ్చింది. లోతుగా ఊపిరి పీలిస్తే, వెల్లకిలా పడుకుంటే ఛాతీలో నొప్పి. సీఆర్పీ మళ్లీ పెరిగింది. ఎకోలో (గుండె స్కాన్‌లో) గుండె పొరల మధ్య కొద్దిగా ద్రవం కనిపించింది. ఐఎన్ఆర్ 3.9. కొత్త కవాటం ఉన్న మనిషికి జ్వరం వస్తే ముందు భయపడాల్సింది ఇన్ఫెక్షన్‌కే. రక్తపు కల్చర్లు మూడు సార్లు తీశాం, రొమ్ము ఎముక గాయం గట్టిగా ఉంది, బాక్టీరియా ఇన్ఫెక్షన్‌లో పెరిగే ప్రోకాల్సిటోనిన్ తక్కువగా ఉంది, ఆహారనాళం గుండా చేసిన ఎకోలో కవాటం శుభ్రంగా ఉంది. కల్చర్లు నెగెటివ్‌గా వచ్చేవరకు వాపును అణిచే మందు ఏదీ ఇవ్వకూడదని పట్టుబట్టాను, ఎందుకంటే జ్వరం, నొప్పి, సీఆర్పీ అనే మూడు సాక్ష్యాలనూ అలాంటి మందు చెరిపేస్తుంది. ఆమె అప్పటికే భారీ మోతాదులో పసుపు సారం మీద ఉండి ఉంటే ఈ చిత్రం ఇంత స్పష్టంగా కనిపించేదా అన్నది నా మనసులో మెదిలిన ప్రశ్న.

అది పోస్ట్ పెరికార్డియాటమీ సిండ్రోమ్, అంటే గుండె ఆపరేషన్ తర్వాత గుండె పొరకు వచ్చే వాపు అని తేలింది. వేరే కారణం లేని జ్వరం, గుండె పొర నొప్పి, రాపిడి శబ్దం, గుండె చుట్టూ ద్రవం, సీఆర్పీ పెరుగుదలతో కూడిన ఊపిరితిత్తుల పొర ద్రవం అనే ఐదింటిలో రెండు ఉంటే ఈ నిర్ధారణకు వస్తారు. ఆమెకు మూడు ఉన్నాయి. పారాసెటమాల్‌తో కొద్ది రోజులు చూశాం. నొప్పి తగ్గలేదు, ద్రవం కాస్త పెరిగింది. ఐబుప్రొఫెన్ తరహా మందులకు వార్ఫరిన్, మూత్రపిండం రెండూ అడ్డు. స్టెరాయిడ్ ఇస్తే త్వరగా తగ్గుతుంది గానీ మానుతున్న ఎముక గాయానికి మంచిది కాదు, ఆపాక జబ్బు తిరగబెట్టే అవకాశమూ ఎక్కువ. మిగిలింది కొల్చిసిన్.

కొల్చిసిన్ అంటే మొక్క మందే. కొల్చికమ్ దుంప నుంచి వచ్చింది. మనకు తెలిసిన అడవినాభి దుంపలోనూ అదే ఉంది. గుండె ఆపరేషన్ తర్వాతి వాపు మీద గట్టి ఆధారం ఉన్న మొక్క మందు ఏదని అడిగితే నేను చెప్పే పేరు ఇదే. 2010లో 360 మందిలో జరిగిన కాప్స్ అధ్యయనంలో, ఆపరేషన్ తర్వాత మూడో రోజు నుంచి నెల పాటు ఇస్తే ఏడాదిలో ఈ సిండ్రోమ్ వచ్చినవారు 8.9 శాతం, ఇవ్వనివారిలో 21.1 శాతం. 2014లో అంతమంది మీదే చేసిన రెండో అధ్యయనంలో ఆపరేషన్‌కు ముందే మొదలుపెట్టారు. సిండ్రోమ్ అప్పుడూ తగ్గింది గానీ కడుపు బాధలు దాదాపు రెట్టింపయ్యాయి. ఒకే మందు, దాదాపు ఒకే మోతాదు. మొదలుపెట్టే రోజు మారితే లాభనష్టాల తూకం మారింది.

"మూలికలు వద్దని ఆపించారు, ఇప్పుడు మీరే మూలిక ఇస్తున్నారు" అని ఆమె నవ్వుతూనే అన్నారు. ఆమె వార్ఫరిన్ కూడా తీపి క్లోవర్ గడ్డిలో బయటపడిన పదార్థం నుంచే పుట్టిందని, డిజాక్సిన్ డిజిటాలిస్ మొక్కదని చెప్పాను. అర మిల్లీగ్రాము అని రాస్తే అర మిల్లీగ్రామే ఉంటుందన్న నమ్మకం ఈ మందు విషయంలో ఉంది, ఎక్కువైతే ఏమవుతుందో తెలుసు, దేనితో కలపకూడదో తెలుసు. అదే అడవినాభి దుంపను పొడిచేసి ఇస్తే నేనూ ఒప్పుకోను, అది ప్రాణాంతకం.

దేనితో కలపకూడదన్న చోటే మిరియాల సారం తిరిగి వచ్చింది. కొల్చిసిన్‌ను శరీరం సీవైపీ3ఏ4, పీ-గ్లైకోప్రోటీన్ దారుల్లోనే వదిలించుకుంటుంది. క్లారిత్రోమైసిన్ ఆ దారులను మూయడం వల్ల కొల్చిసిన్ విషమై మరణాలు సంభవించాయి. పిపెరిన్ అంత బలంగా మూస్తుందని నేను అనను. కానీ పాత బిళ్లల సీసా ఇంకా ఇంట్లోనే ఉందని, ఛాతీ నొప్పికి వేసుకుందామా అని ఇంట్లో అనుకున్నారని విన్నప్పుడు, ఆ సీసాను ఆసుపత్రికి తెప్పించి మా దగ్గరే ఉంచుకున్నాం.

బరువు 70 కిలోల లోపు కనుక రోజుకు ఒక్కసారి 0.5 మి.గ్రా. ఇచ్చాం. గుండె చుట్టూ ద్రవం ఉన్నంతకాలం ఐఎన్ఆర్‌ను 2.5 దగ్గరికి దించి ఉంచాం. పూర్తిగా ఆపితే కొత్త కవాటం మీద గడ్డ కడుతుంది, 4 దగ్గర వదిలేస్తే ఆ ద్రవం రక్తంగా మారవచ్చు. మొదటి వారంలో విరేచనాలు పలచగా అయ్యాయి. మందు ఆపాల్సినంత కాదు గానీ ఐఎన్ఆర్ కదులుతుందని వారానికి రెండుసార్లు చూశాం. వారంలో జ్వరం, నొప్పి తగ్గాయి. ఆరో వారానికి ఎకోలో ద్రవం కనిపించలేదు. మూడు నెలలకు కొల్చిసిన్ ఆపాం. వార్ఫరిన్ చివరికి 6.5 మి.గ్రా. దగ్గర స్థిరపడింది.

ఈ కేసు తర్వాత మా పద్ధతిలో మార్పులు

ఆపమని చెప్పే కాగితంలో మందు పేరు బదులు ఇప్పుడు బాధల పేర్లు రాస్తున్నాం: నొప్పికి, నిద్రకు, విరేచనానికి, దగ్గుకు, నీరసానికి నోటి ద్వారా తీసుకునేది ఏదైనా, ఎవరిచ్చినదైనా చెప్పాలి. ప్రతి బాధకూ ఎదురుగా ఆపరేషన్ వరకు ఏం వాడవచ్చో కూడా అదే కాగితంలో ఉంటుంది. ఆ రెండో వరుస లేకపోతే మొదటి వరుసకు విలువ లేదన్నది నా అభిప్రాయం.

వార్ఫరిన్ వాడుతూ మూలికలు ఆపిన ప్రతి రోగికీ వారంలోపు ఐఎన్ఆర్ చూస్తాం. మోతాదు క్రమంగా తగ్గుతూ వచ్చిన రోగుల పుస్తకాలను, మొదటి తగ్గింపుకు ముందు నెలలో ఏం మొదలైందో తెలిసేదాకా పక్కన పెట్టం. రక్తపోటు, పొటాషియం రెండూ ఎదురెదురు దిశల్లో కదిలిన రోగిని అతిమధురం గురించి పేరుపెట్టి అడుగుతాం.

మోకాళ్ల బిళ్లలను మళ్లీ మొదలుపెట్టవచ్చా అని ఆమె ప్రతి సందర్శనలోనూ అడుగుతారు. జంతు కణజాలంతో చేసిన కవాటం అయి, కొన్ని నెలల తర్వాత వార్ఫరిన్ ఆపే రోగి అయితే, శల్లకి ఒక్కటే ఉన్న, పాళ్లు పరీక్షించిన మందును ఇవ్వడానికి నాకు అభ్యంతరం ఉండేది కాదు. ఆమెకు వార్ఫరిన్ జీవితాంతం ఉంటుంది కనుక లోపలికి ఇవ్వనన్నాను. తైలం, కాపడం, వ్యాయామంతో నొప్పి సగానికి తగ్గిందని ఆమె అంచనా. కుడి మోకాలికి కీలు మార్పిడి చేయించుకోవాలని ఎముకల వైద్యులు సూచించారు. వార్ఫరిన్‌ను మళ్లీ కొద్ది రోజులు ఆపి హెపారిన్‌కు మార్చాల్సి వస్తుంది కనుక, ఆ తేదీ ఖరారు కాకముందే ఆమె మందుల వాడకం కాగితం కొత్తగా నింపించి వారికి పంపాం.